శేషభోక్తలు

ఇల్వలుని యింట విందారగించి ప్రాణములు గోల్పోయిన విప్రులందఱును ఒక విధముగ బాటసారులే. మణిమతీపురవాసియగు ఆ దానవుడు వచ్చిపోవువారిని ఆదరముతో పిలిచి, తమ్ముడైన వాతాపిని పొట్టేలుగ మార్చి, కోసి, వండి, వడ్డించి, వారు చేయి కడుగుకొన్న పిదప తమ్ముని పేరెత్తి పిలిచెడివాడనియు, ఆ పిలుపు విన్నంతనే వాతాపి అతిథి కడుపు చీల్చుకొని వెలికి దుమికెడివాడనియు పురాణములు చెప్పుచున్నవి. అగస్త్యుని విషయమున మాత్రము ఆ పిలుపు వ్యర్థమయ్యెను. వాతాపి అప్పటికే జీర్ణమైపోయెను. నేటికిని తెలుగిండ్లలో పసిబిడ్డకు పాలు పట్టిన పిమ్మట అమ్మమ్మ కాళ్లు చాచి కూర్చుండి, వానిని వెల్లకిల పరుండబెట్టుకొని, అరచేతిని బొడ్డుచుట్టును మెల్లగా త్రిప్పుచు, ఆ దానవుని పేరే తలచి, వాడు అరిగినట్లు ఇదియు అరుగవలెనని పలుకుచుండును. బిడ్డ త్రేన్చువఱకు ఆ చేయి ఆగదు. రాక్షసుని కథ యింత సుకుమారమైన పనికి వచ్చుట వింతగా తోచినను, అమ్మమ్మకు తెలిసిన భయమును పురాణకర్తకు తెలిసిన భయమును ఒక్కటియే: లోపలికి పోయినది మనకు అన్నమగునా, మనమే దానికి అన్నమగుదుమా?

ఈ ప్రశ్న చిన్నది కాదు. తైత్తిరీయోపనిషత్తున భృగువు తండ్రియగు వరుణుని ఆజ్ఞచే తపస్సు చేసి మొట్టమొదట బ్రహ్మమని గుర్తించినది అన్నమునే. ఆ వల్లి ముగియునప్పుడు జ్ఞాని లోకములన్నిటను సంచరించుచు, తానే అన్నమనియు, అన్నమును తినువాడును తానేయనియు ఆనందముతో గానము చేయును. ఆ గానమునందు భయము లేదు. సామాన్యుడైన ప్రయాణికునకు మాత్రము, పరదేశమున రెండవనాటి రాత్రి కడుపు నులిపెట్టి నిమిషనిమిషమునకు లేచి పరుగెత్తవలసివచ్చినప్పుడు, తినువాడెవడో తినబడువాడెవడో తెలియని ఆ స్థితి భయముతోడనే అనుభవమునకు వచ్చును. ఇట్టి ప్రయాణికుల అతిసారమునకు పొట్టిగొలుసు కొవ్వు ఆమ్లములను, అనగా అసిటేటు, ప్రొపియొనేటు, బ్యుటిరేటు అనువానిని, మందుగ ఈయవచ్చునా యని వైద్యులు కొంతకాలముగ విచారించుచున్నారు. ఇవి మనకు క్రొత్తవస్తువులు కావు. మనము అరిగించుకొనలేక విడిచిన పిండిని, పీచును తిని, మన పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దినదినమును తయారుచేయునవే. అందుచేత వైద్యుల ప్రశ్నకు అడుగున వైద్యశాస్త్రము తేల్చజాలని వేఱొక ప్రశ్న యున్నది. భుజించువాడు ఒక్కడేనా? తింటిననియు, నాకు అరిగినదనియు చెప్పుకొనుచున్న యీ నేను ఎవడు?

మన పూర్వులు ప్రయాణమునందు దొంగలకు వెఱచినంతయు అన్నమునకును వెఱచిరి. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రమున మజిలీ మజిలీకి నీటి వసతి యెట్టిది, అంగళ్లున్నవా లేవా, దిగుటకు తావున్నదా యని వ్రాసికొనుచు పోయెను. ఆయన భక్తుడు, అయినను క్షేత్రమాహాత్మ్యముతోపాటు బావులును చెఱువులును ఆయన కలమునకెక్కినవి. ఆయన కంటె పేదలైనవారు అటుకులు, పేలపిండి, ఊరగాయ మూటగట్టుకొని, పరుల చేతి అన్నము ముట్టక, చెట్టుక్రింద మూడు రాళ్లు పెట్టి వండుకొనుచు నడచిరి. ఈ మడి యాచారమునందు కులాహంకారము పాలెంతయో అందఱకును తెలిసినదే. దానిని నేను సమర్థింపబూనలేదు. కాని దాని అడుగున నొక తత్త్వము కలదు, దానిని విచారింపవలసియున్నది. దేహము సహజముగ నిర్మలమనియు, కీడు సర్వమును వెలుపలినుండియే వచ్చుననియు, ద్వారమును కాచుకొన్నచో లోపల అంతయు క్షేమమనియు ఆ తత్త్వము.

చరకుని దృష్టి ఇంతకంటె సూక్ష్మమైనది. ఆయన సాత్మ్యమను భావమును ప్రతిపాదించెను: ఏది ఎవనికి, ఏ దేశమున, ఎంతకాలపు అభ్యాసముచేత ఒదిగినదో అది వానికి పథ్యము. అలవాటును మార్చుకొనదలచినవాడు ఒక్కపెట్టున మార్చరాదనియు, నాల్గవపాలు చొప్పున విడుచుచు, నాల్గవపాలు చొప్పున క్రొత్తదానిని చేర్చుకొనుచు, నడుమ దినములు గడపుచు పోవలెననియు సూత్రస్థానపు సప్తమాధ్యాయమున విధించెను. చికిత్సాస్థానమున అతిసారము పుట్టుకను చెప్పునప్పుడు ఆయన ఎత్తుకొన్న కథయును ఇట్టిదే. పృషధ్రుడు చేసిన దీర్ఘసత్రమున పశువులు కొఱవడగా గోవులను వధించిరనియు, గురువై, ఉష్ణమై, అలవాటులేనిదైన ఆ మాంసమును తినుటచేత జనుల అగ్నియు మనస్సును చెడి అతిసారము తొలిసారి పుట్టెననియు ఆ కథ. పాపభీతి అందులో లేకపోలేదు. అయినను వైద్యుడైన చరకుడు అలవాటులేమిని, మనఃక్షోభమును కూడ ఆ పాపముతో సరిసమానముగ కారణములలో చేర్చుట గమనింపదగినది. నాల్గవపాలు చొప్పున దేశము మార్చుకొనుట కాలినడకకు తగిన నియమము; విమానమెక్కినవాడు రాత్రికి రాత్రియే భూగోళము ఆవలి దిక్కున దిగుచున్నాడు.

వేసవి సెలవులకు అమెరికానుండి విజయవాడకో వరంగల్లుకో వచ్చిన మనుమల విషయమున ఇది ఏటేటను చూచుచున్న నాటకమే. కూతురు సీసానీళ్ల పెట్టెలతోడనే గడప దాటును. అమ్మమ్మ కలిపిన చల్లని మజ్జిగ గ్లాసు బల్లపైన అట్లేయుండును. బిడ్డ చేయి చాచబోగా తల్లి కనుసన్న చేయును. నా చేతి మజ్జిగ విషమైనదా యని పెద్దావిడ నొచ్చుకొనును. ఇంతజేసి మూడవనాడు ఆ పిల్లవాడే మంచమెక్కును; అదే కుళాయినీటిని డెబ్బదియేండ్లుగ త్రాగుచున్న తాతగారు వాకిట కుర్చీలో నిశ్చింతగా పత్రిక చదువుకొనుచుందురు. ఇందు ఎవరి తప్పును లేదు. శుభ్రత తక్కువైన దేశములకు పోవు ప్రయాణికులలో రెండు వారములలోపల నూటికి 30 మొదలు 70 మంది వఱకు ఈ వ్యాధి పాలగుదురని ప్రయాణవైద్యుల లెక్క. తాతగారి ప్రేగులు ఆ ఊరి క్రిములతో బాల్యముననే పోరాడి, ఓడి, గెలిచి, రాజీపడినవి. మనుమని ప్రేగులకు ఆ చరిత్ర లేదు. రక్తసంబంధము ఒక్కటియైనను కుక్షిసంబంధము వేఱు.

ఈ వ్యాధికి మిక్కిలి తఱచైన కారణము విషమును స్రవించు ఒక జాతి ఇ.కోలై బాక్టీరియా. దాని విషములలో నొకటి కలరా విషమునకు దగ్గఱి చుట్టము. ఈ విషము ప్రేగుగోడను కొఱుకదు, చీల్చదు. ఆ గోడలోని కణములు ఉప్పును వెలుపలికి విడుచుటకు ఒక మేర కలదు గదా, ఆ మేరను మాత్రము చెఱచును. ఉప్పు వెంట నీరు పోవును. వాతాపివలె వెలికి దుమికినది పరాయిక్రిమి కాదు. మన నెత్తురులోని నీరే. కలరా విషమును 1959లో శంభునాథ్ డే కలకత్తాలో కుందేళ్ల ప్రేగులయందు పరీక్షించి నిరూపించెను. అంతకు ఆఱేండ్లకు పూర్వమే, 1953లో, అదే నగరమున హేమేంద్రనాథ్ ఛటర్జీ ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని కలరా రోగులకు నోటితో త్రాగించి కోలుకొనజేసిన వృత్తాంతమును ప్రకటింపగా, లోకము దానిని పెద్దగా పట్టించుకొనలేదు.

పట్టించుకొనవలసిన దినము 1971లో వచ్చినది. తూర్పుబెంగాలునుండి ప్రాణములు చేతబట్టుకొని సరిహద్దు దాటిన శరణార్థులతో బనగావ్ నిండిపోయెను, కలరా ప్రబలెను, సిరలకెక్కించు సెలైను అయిపోవచ్చెను. అక్కడ పనిచేయుచున్న దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, ఆ నీటిని కుళాయి బిగించిన పీపాలలో నింపి, రోగుల తోబుట్టువులు, తల్లులు తామే గ్లాసులతో పట్టి త్రాగించునట్లు ఏర్పాటుచేసెను. విషము ఉప్పుకు ఒక ద్వారమును చెఱచినను, గ్లూకోజు చేయిపట్టుకొని ఉప్పు లోపలికి వచ్చు ద్వారము చెడకయుండుటయే ఆ పానీయపు రహస్యము. నూటికి 30 వఱకు నుండిన మరణములు 3.6కు దిగినవి. శరణార్థియు బాటసారియే, తిరుగు టిక్కెట్టు లేని బాటసారి. ప్రయాణికుల వైద్యమును గుఱించి వ్రాయువారు ఆ శిబిరమును మఱచుట న్యాయము కాదు.

అయితే ఆ పానీయమునకు ఒక కొఱత కలదు. అది ప్రాణమును నిలుపును గాని విరేచనములను ఆపదు. కొన్నిసార్లు తగ్గింపనైన తగ్గింపదు. ఇంత త్రాగించినను ఆగలేదేమని తల్లులు పొట్లములను మూలకు నెట్టుట అందుచేతనే. చిన్నప్రేగు దాటి వచ్చిన నీటిని పీల్చుకొనుట పెద్దప్రేగు పని. అది దినమునకు లీటరున్నర వఱకు సామాన్యముగను, అవసరమైనచో నాలుగైదు లీటర్ల వఱకును పీల్చుకొనగలదు. వెల్లూరులోని క్రైస్తవ వైద్యకళాశాలలో రామకృష్ణ మొదలగువారు ఈ అక్కఱకురాని బలమును మేల్కొలుపుటెట్లని ఆలోచించి, చిన్నప్రేగున అరుగని ఒక విధమైన మొక్కజొన్న పిండిపదార్థమును, లీటరుకు 50 గ్రాముల చొప్పున, ఆ పానీయమునందు కలిపి 48 మంది కలరా రోగులలో కొందఱకు ఇచ్చి చూచిరి. 2000లో వారు ప్రకటించిన ఫలితమేమనగా, ఆ పిండి త్రాగినవారికి విరేచనములు తక్కువయై, వ్యాధి త్వరగా తగ్గెను. రోగికి అరుగని వస్తువే రోగిని బాగుచేసినది! ఆ పిండి చెక్కుచెదరక పెద్దప్రేగునకు చేరినది. అక్కడి బాక్టీరియా దానిని తిన్నవి. తిని పొట్టిగొలుసు ఆమ్లములను విడిచినవి. ఆ ఆమ్లములు గోడలోనికి పోవుచు ఉప్పును నీటిని వెంటబెట్టుకొని పోయినవి. కలరా విషమునకు ఈ దారిపై అధికారము లేదు. ఢాకాలో రబ్బానీ మొదలగువారు విడువని అతిసారముతో బాధపడు పసివారికి ఉడికించిన పచ్చి అరటికాయ కలిపిన అన్నమిచ్చి ఇట్టి ఫలమునే 2001లో చూపిరి.

ఇచట తత్త్వవిచారకుడు కొంత నిలువవలసియున్నది. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు అన్నపరిణామమును బోధించుచు, తిన్న అన్నము మూడుగ విడివడుననియు, స్థూలభాగము పురీషమగుననియు, మధ్యమము మాంసమగుననియు, సూక్ష్మతమము మనస్సగుననియు చెప్పెను. మనస్సు అన్నమయమని నిరూపించుటకై కుమారుని పదునైదు దినములు నీటిపై మాత్రమే ఉంచి, వేదములు మఱచిపోవుటను చూపి, మరల అన్నము పెట్టి జ్ఞప్తికి వచ్చుటను చూపెను. అంతటి పరీక్షకుడు లోకమున అరుదు. వ్యాఖ్యాతలందఱును సూక్ష్మభాగము వెంటబడి మనస్సు వైపునకు పోయిరి. స్థూలభాగమును గుఱించి మాటాడినవారు లేరు. తీసివేయదగినదని విడిచిన ఆ భాగమునందే ఒక జనపదము జీవించుచున్నది. మానవదేహమున మనవనదగిన కణములు సుమారు 30 లక్షల కోట్లు కాగా బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. పెద్దప్రేగు గోడలోని కణములు తమకు కావలసిన శక్తిలో అధికభాగమును నెత్తురునుండి గాక ఆ బాక్టీరియా విడుచు బ్యుటిరేటునుండి పుచ్చుకొనుచున్నవి. మన యొడలిలో ఒక భాగము మన చేతి అన్నము తినుటలేదు. మన యెంగిలి తిన్నవారి యెంగిలిని తినుచున్నది.

ఎంగిలి యనగానే మన శాస్త్రములకు రెండు ముఖములు. గీత పదునేడవ అధ్యాయమున జామము గడచినది, చద్దిది, ఎంగిలియైనది తామసప్రియమని తేల్చినది. అథర్వవేదము పదునొకండవ కాండమందలి ఉచ్ఛిష్టసూక్తమో, మిగిలినదానియందే నామరూపములును లోకములును నిలిచియున్నవని దానిని కీర్తించినది. ఈ రెంటికిని సమన్వయము చేయ పండితులు చాల చెప్పిరి. నాకు వారి సమన్వయముల కంటె పోతన దశమస్కంధమున చిత్రించిన చల్దుల ఘట్టము ఎక్కువ తృప్తినిచ్చును. యజ్ఞభోక్తయైన కృష్ణుడు యమునాతీరమున గోపబాలుర నడుమ కూర్చుండి, చేత చల్దిముద్ద పట్టుకొని, వారి పరిహాసములలో పాలుపంచుకొనుచు ఆరగించుచుండగా, చూచిన బ్రహ్మకు మతిపోయినది. తామసాహారమని గీతలో తానే చెప్పనున్నదానిని కృష్ణుడు బాల్యముననే తిని కూర్చున్నాడు. వండి చల్లార్చిన అన్నమునందు పిండిలో కొంత గట్టిపడి చిన్నప్రేగునకు లొంగక పెద్దప్రేగునకు చేరునని నేటివారు చెప్పుచున్నారు. దీనినిబట్టి మన పెద్దలకు అన్నియు ముందే తెలియునని చాటుటకు నేను సిద్ధముగ లేను. వారికి ఆకలి తెలియును, అన్నమును పాఱవేయరాదని తెలియును, అంతియే. ఎండలో రోజంతయు నిలువయుంచిన అన్నము విషమగుటయును సత్యమే.

యజ్ఞమును గుఱించి గీత మూడవ అధ్యాయమున చెప్పినది మాత్రము ఈ సందర్భమున మిక్కిలి సూటిగ తగులుచున్నది. మనుష్యులు దేవతలను పోషింతురు. దేవతలు మనుష్యులను పోషింతురు. ఇచ్చినవారికి ఈయక తినువాడు దొంగ. గృహస్థు తాను తినుటకు ముందు కాకికి, చీమకు, కుక్కకు బలి వేయవలెనను భూతయజ్ఞవిధి దీనికి ఉపాంగము. తెల్లగా మరపట్టిన బియ్యమును, మైదాను, పంచదారను మాత్రమే తిను నేటి నాగరికుడు, చిన్నప్రేగుననే అంతయు హరింపజేసికొని, లోపలి భూతములకు బలి మానివేసినవాడు. వాడు తన ప్రేగుగోడలను తానే పస్తు పెట్టుచున్నాడు.

అయిన జీర్ణింపజేయువాడెవడు? గీత పదునైదవ అధ్యాయమున భగవంతుడు తానే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములను ఆశ్రయించి, ప్రాణాపానములతో కూడి, నాలుగు విధముల అన్నమును పచనము చేయుచున్నానని చెప్పెను. మనము దీనిని మన దేహమును గుఱించియే చెప్పినట్లు విందుము. ప్రాణులన్నప్పుడు మన ప్రేగులోని ప్రాణులును అందు చేరవా? రామానుజుడు శరీరమునకిచ్చిన లక్షణమును ఇక్కడ పరీక్షించి చూడవచ్చును. ఏ ద్రవ్యమును చేతనుడు తన ప్రయోజనమునకై సర్వవిధముల నియమింపగలడో, ధరింపగలడో, ఏది అతనికి అధీనమైయుండుటయే స్వభావముగ కలదో అది అతని శరీరమని ఆయన మతము. నా చేయి నా శరీరము, నేనెత్తుమన్నప్పుడు ఎత్తును. నా ప్రేగులోని బాక్టీరియా నా మాట వినదు. నా ప్రయోజనమునకై పుట్టలేదు. నాకు ముందు తల్లియొద్దనుండి వచ్చినది, నా వెనుకను వేఱొకచోట బ్రదుకగలదు. లక్షణము పొసగలేదు గనుక అది నా శరీరము కాదు. విశిష్టాద్వైతి తడుముకొనక చెప్పగలడు: అవి వేఱు జీవులు, వానికిని నాకును అంతర్యామి యొక్కడే, ఆయన రెండు పంక్తులలో కూర్చుండి భుజించుచున్నాడు. అద్వైతికి ఈ చిక్కే లేదు. ఆత్మ కర్తయు కాదు, భోక్తయు కాదు. చిక్కంతయు తినుచున్నవాడను నేనే యని పీటవేసికొన్న అహంకారమునకే. ఉపనిషత్తులు వేయేండ్లు చెప్పినను కదలని ఆ పీటను ఒక్క రాత్రి అతిసారము కదల్చగలదు.

ఇక మందు మాట. బాక్టీరియా పుట్టించు ఆమ్లమునే నేరుగా ఈయరాదా, నడుమ వారెందుకని పూర్వపక్షి అడుగును. అతిసారము తగిలినప్పుడు ప్రేగులోని నివాసులే కొట్టుకొనిపోవుదురు. ఆమ్లములు మలమునందు తగ్గిపోవుటను వెల్లూరువారే 1993లో చూపియుండిరి. కనుక పూర్వపక్షము బలహీనమైనది కాదు. దారి మాత్రము సుగమము కాదు. బ్యుటిరేటు ముక్కిన వెన్న కంపు కొట్టును. నోట వేసికొన్నచో పెద్దప్రేగు ముఖము చూడకయే పైననే పీల్చబడును. నేతిలో బ్యుటిరేటు కలదు గనుక ముద్దపప్పులో నేయి పోసికొన్న చాలునని ప్రచారము చేయువారు ఈ సంగతి గమనింపరు. నేయి రుచికి మంచిదే, పెద్దప్రేగునకు అది అందదు. అందుకే పొరలు కప్పిన క్యాప్సూళ్లు వచ్చినవి. పోలండు దేశపు వైద్యులు కొందఱు ప్రయాణమునకు బయలుదేరువారికి సోడియం బ్యుటిరేటును తక్కిన ఆమ్లములతో కలిపి ఇచ్చి, అతిసారము తగ్గినదని 2014లో ప్రకటించిరి. ఆ పరీక్ష చిన్నది. వ్యాధి రాకుండుటకు చేసినది, వచ్చినదానిని కుదుర్చుటకు కాదు. దానిపై మేడలు కట్టరాదు.

మందు పనిచేయునా యనుటకు పరీక్షలే ప్రమాణము. పనిచేసినచో పుచ్చుకొనవచ్చునా, ఎప్పుడు, ఎంతవఱకు అనుటకు నాకు ఛాందోగ్యమందలి ఉషస్తి కంటె మంచి గురువు కనబడలేదు. కురుదేశపు పైరు పాడైపోగా ఆ పండితుడు భార్యను వెంటబెట్టుకొని దేశాంతరము పోయి, ఒక గ్రామమున ఉడికిన ముతకగింజలు తినుచున్నవానిని యాచించెను. నా యెదుట నున్న ఈ ఎంగిలి తప్ప వేఱు లేవని అతడనగా, వానినే పెట్టుమని అడిగి తినెను. తినిన పిదప అతడు నీరును అందింపబోగా, ఎంగిలినీరు త్రాగనని నిరాకరించెను. గింజలు మాత్రము ఎంగిలి కావా యని దాత ఆశ్చర్యపడగా ఉషస్తి చెప్పిన సమాధానము ఇది: అవి తినకున్న బ్రదుకకపోయెడివాడను, నీరు నేను కోరినచోట దొరకును. మిగిలిన గింజలు ఇంటికి తెచ్చి భార్యకిచ్చెను. ఆమె అప్పటికే భిక్ష తినియుండి వానిని దాచెను. మఱునాడు ఉదయమున ఆ మిగిలినదానిలో మిగిలినదే తిని, బలము తెచ్చుకొని, రాజుగారి యజ్ఞశాలకు పోయి, అక్కడి ఋత్విజులకు తెలియని దేవతలను వారికి తెలిపెను. ప్రాణాపాయమున మాత్రమే ఏ అన్నమైనను తినవచ్చునని బ్రహ్మసూత్రకారుడు నిర్ణయించుటకు ఈ కథయే ఆధారము.

ఉషస్తి కొలతలో క్యాప్సూలు ఎక్కడ నిలుచును? కడుపు కొట్టుకొనిపోయి, లోపలి నివాసులు చెదరిపోయినవానికి, వారు తిరిగివచ్చు నాలుగు దినములకు అది గింజలవంటిది. వైద్యుడు ఇమ్మన్నచో పుచ్చుకొనుటలో దోషము లేదు. జ్వరము, నెత్తురు పడుట మొదలైన లక్షణములున్నచో అది చాలదు, వైద్యుని యొద్దకు పోవలసినదే. తినవలసిన కాయధాన్యములు, పచ్చి అరటికాయ, గంజి మానివేసి, బలి మాని, ఫలమును మాత్రము సీసాలో కొనుక్కొని యేడాదిపొడుగున మ్రింగువానికి అది ఉషస్తి త్రోసిపుచ్చిన నీరు. ఈ విచక్షణ యాంటీబయాటిక్ విషయమున మఱింత అవసరము. ప్రయాణమున దానిని వాడినవారు మందులకు లొంగని క్రిములను ఇంటికి మోసికొనివచ్చుట హెచ్చని ఫిన్లాండు పరిశోధకులు 2015లో చూపిరి. శత్రువును చంపబోయి పంక్తి పంక్తినే లేపివేయుట ఆపద్ధర్మముగనైన తఱచుగ చేయదగినది కాదు.

ఉషస్తి నీటి విషయమున నియమము పాటించుటకు వీలు కల్పించినవి ఆనాటి నదులు. నేటి ప్రయాణికుని స్థితి తలక్రిందులైనది. అన్నము అడుగడుగునను అమ్మకమునకున్నది; నమ్మి త్రాగదగిన నీరు దుర్లభము, ఏలయనగా ఊరి మురుగు ఊరి నీటిలో కలియుచున్నది. మిగిలినదానిని ఎక్కడ ఉంచవలెనో, దానిని ఎవరికి అప్పగింపవలెనో తెలియుట దేహమునకెంత అవసరమో నగరమునకును అంతే అవసరము. ప్రయాణికుడు మూడు నుండి అయిదు దినములలో లేచి విమానమెక్కును. ఆ ఊరి బిడ్డ అక్కడనే యుండును. లోకమున అయిదేండ్లలోపు పిల్లలు ఏటేట నాలుగు లక్షలకు పైగా అతిసారముచే మరణించుచున్నారు. వెల్లూరులో అరుగని పిండి త్రాగిన రోగులు విహారయాత్రికులు కారు. ఢాకాలో పచ్చి అరటికాయ తిన్న పసివారు ఎక్కడికిని పోవుచుండలేదు. బనగావ్ పీపాలచుట్టు మూగినవారి ప్రయాణము వారు కోరుకొన్నది కాదు. ప్రయాణికుని సంచిలోని క్యాప్సూలునకు వెనుకనున్న జ్ఞానములో ముఖ్యభాగము వీరి శరీరములయందు పండినది. వారి వీధికుళాయిలో మంచినీరు వచ్చుచున్నదా లేదా యనునది మున్సిపాలిటీ ప్రశ్నయనియు, భోక్త యెవడనునది వేదాంతప్రశ్నయనియు విభజించి కూర్చుండువారితో నాకు ఏకీభావము లేదు. ఇచ్చినవారికి ఈయక తినువానిని గీత పిలిచిన పేరు రెండు ప్రశ్నలకును ఒక్కటిగనే వర్తించును.